పన్నెండు వెన్నుపూసలు

హన్మయ్య బొటనవేలును మిషను మీద మూడోసారి ఒత్తాడు. ఎర్రదీపం వెలిగింది. వేలిని చొక్కాకు తుడుచుకుని, నోటితో ఆవిరి పట్టి, నాలుగోసారి పెట్టాడు. మళ్ళీ ఎర్రదీపమే.

"ఇడిసిపెట్టు మామా. నీ వేలుకు గీతలుంటే గద అది గుర్తువట్టేది," అన్నాడు ఆఫీసు గుమాస్తా వీరేశ్, హాజరు పుస్తకం అతని ముందుకు తోస్తూ. "రోజూ నాకు ఇదొక లొల్లి."

"నీకేం లొల్లిరా. సంతకం వెట్టేది నేను," అన్నాడు హన్మయ్య.

వీరేశ్ మాటలో అబద్ధమేమీ లేదు. బీదర్‌లోని ఆ కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబుకు హన్మయ్య ముప్ఫై ఏళ్ళుగా అటెండరు. ముప్ఫై ఏళ్ళూ ఫార్మలిన్‌లో మునిగి తేలిన చేతులవి. వేళ్ళ చివర్లు తెల్లబారి, తోలు బిగుసుకుపోయి, గాజు ముక్కల్లాగా నున్నగా అయిపోయాయి. పొగలు కక్కే చాయ్ గ్లాసు పట్టుకున్నా కాలదు. మనిషిలో కూడా గుర్తుపెట్టుకోవడానికి ఏమీ ఉండదు. సన్నటి ఒళ్ళు, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు, నడుస్తుంటే కుడివైపుకు కాస్త వాలే నడుము. ఊరవతల ఫ్యాక్టరీలున్న కొల్హార్‌లో ఒంటి గది. పొద్దున ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళతో పాటు ఆటోలో ఇరుక్కుని వస్తాడు, సాయంత్రం షిఫ్టు ఎక్కేవాళ్ళతో పాటు ఇరుక్కుని పోతాడు. ఒకరోజు రాకపోతే ఆటోవాడికి కూడా తెలియదు.

ఇవాళ మాత్రం ఇస్త్రీ చొక్కా తొడిగాడు. వీరేశ్ ఆ సంగతి కనిపెట్టాడు.

"ఏం మామా, సార్ రిటైర్మెంటని జోరుగొచ్చినవ్?"

"ఆఁ. గందుకే," అన్నాడు హన్మయ్య. అది కూడా అబద్ధం కాదు.

ల్యాబు తాళం తీసి కిటికీలు బార్లా తెరిచాడు. రాత్రంతా మగ్గిన ఘాటు ముక్కులోకి తన్నింది. కొత్తవాళ్ళకైతే కళ్ళ నీళ్ళు తిరుగుతాయి, హన్మయ్యకు అది ఇంటి వాసన. సీసాలన్నీ వరసగా చూసుకుంటూ పోయాడు. కప్పల సీసాలో మందు రెండు వేళ్ళు దిగింది, పోశాడు. బల్లలు తుడిచాడు. తరువాత ల్యాబు వెనకాల ఉన్న చిన్న గదిలోకి పోయాడు. దాన్ని అందరూ మ్యూజియం అంటారు. ఆ గోడల మీద ఉన్నదంతా హన్మయ్య చేతిపనే.

చచ్చిన పాము ఏది వచ్చినా అతని పద్ధతి ఒకటే. ముందు చర్మం ఒలిచి అట్ట మీద పరిచి, గుండుసూదులు గుచ్చి ఆరబెడతాడు. పొట్ట కింద అడ్డంగా వెడల్పుగా ఉండే పొలుసులుంటాయి, వాటిని మెడ దగ్గర నుంచి తోక మొదలయ్యేదాకా ఎంచుతాడు. ఆ అంకెను సుద్దముక్కతో గోడ మీద రాసుకుంటాడు. ఒంటిని నీళ్ళ డబ్బాలో వేసి మూత పెడతాడు. మూడు వారాలకు కండ కుళ్ళి కరిగి, బొక్కలు అడుక్కు చేరతాయి. అప్పుడు ఆ బురదను జల్లెడ పట్టి, పక్కటెముకలు అంటుకునే వెన్నుపూసలను ఒక్కొక్కటే ఏరి, గోడ మీది అంకెతో సరిచూసుకుంటాడు. రెండూ సరిపోవాలి. ఒకటి తగ్గిందంటే బురదలో ఎక్కడో ఒక పూస ఉండిపోయిందన్నమాట. మళ్ళీ జల్లెడ పడతాడు. అది దొరికేదాకా రొట్టె మూట విప్పడు.

పాము ఒంటి లెక్కే అలాంటిది. పొట్ట మీద ఒక అడ్డపొలుసు ఉందంటే లోపల దానికి ఒక వెన్నుపూస, ఒక జత పక్కటెముకలు ఉంటాయి. మెడ దగ్గర ఒకటో రెండో అటూ ఇటూ కావచ్చు, అంతకు మించి తేడా రాదు. గుడ్డులోంచి బయటపడ్డనాడు ఎన్ని ఉన్నాయో ముసలిదై చచ్చేనాడూ అన్నే. పాము పెరిగితే పూస పెద్దదవుతుంది గానీ కొత్త పూస మొలవదు. జాతిని బట్టి ఇంత నుంచి ఇంత అని ఒక హద్దు కూడా ఉంటుంది. శాఖకు పెద్ద అయిన జయానందం సారు ఈ ముక్కలన్నీ ఏటా పాఠంలో చెప్తాడు. గుమ్మం పక్కన ట్రేలు పట్టుకుని నిలబడి హన్మయ్య ఏటా వింటాడు. ఆ పాఠానికి ఇవాళే ఆఖరు. జయానందం సారుకు అరవై నిండాయి, ఇవాళ్టితో నౌకరీ అయిపోతుంది.

గోడకు ఆరు పాములున్నాయి. ఒక్కోదానికి పక్కపక్కనే చర్మమూ అస్థిపంజరమూ, కింద రెండు సమానమైన అంకెలూ. ఏడో పాము మాత్రం విడిగా అద్దాల పెట్టెలో ఉంది. దాని పక్కన చర్మం లేదు. తల కూడా లేదు. నల్ల చెక్క మీద మూడడుగుల లోపు పూసల వరస, దాని కింద సారు చేతిరాతలో ఒక చీటీ. 'వుల్ఫ్ స్నేక్. విషం లేనిది. సంతపూర్.' దాని కింద పద్నాలుగేళ్ళ నాటి తేదీ. హన్మయ్య భార్య రాచమ్మ ఆ తేదీనే చనిపోయింది.

అప్పుడు వాళ్ళ కాపురం సంతపూర్‌లో. మంచి వానాకాలం. కోడి కూసే వేళకు రాచమ్మ పక్క మీద లేచి కూర్చుని మోచేయి రుద్దుకుంది, ఏదో చురుక్కుమన్నదంటూ. వాపు లేదు, చుక్క నెత్తురు లేదు. బొంత దులిపితే నల్లటి పాము కింద పడింది, ఒంటి మీద తెల్లటి పట్టీలు. హన్మయ్యకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. వాకిట్లో ఉన్న ఎర్రరాయిని ఎత్తి దాని తల మీద వేశాడు. చచ్చినదాని మీద ఇంకో పదిసార్లు వేశాడు. తల పిండి పిండి అయింది. ఆ ఊళ్ళల్లో ఎవరైనా చేసే పనే అది, తల మిగిలితే పాము మిగిలినట్టేనని అనుకుంటారు. కానీ హన్మయ్య ఎవరో ఒకడు కాదు కదా. కోరలు చూస్తే పాము విషం సంగతి తేలిపోతుందని ఆ ఊరు మొత్తంలో తెలిసినవాడు అతనొక్కడే. తెలిసి తెలిసి ఆ కోరలనే పొడి చేశాడు.

మొదటి బస్సుకే ఆమెను బీదర్ తెచ్చాడు. దవాఖానకు కాకుండా ముందు కాలేజీకి తీసుకుపోయాడు. సారు ఉండగా ఇంకొకరిని అడగడమేమిటని అతని నమ్మకం. సారు అప్పుడే ఏదో పెద్ద మీటింగుకు టై కట్టుకుని కారు దగ్గర నిలబడి ఉన్నాడు. హన్మయ్య సంచి మూతి తెరిచి చూపించాడు. సారు వంగలేదు. నిలబడ్డ చోటి నుంచే ఒక చూపు విసిరాడు.

"తల ఏమైంది దీనికి? సరే, తెల్ల పట్టీలు, ఇంత పొడుగు. వుల్ఫ్ స్నేక్ ఇది, ఇండ్లల్ల బల్లుల కోసం తిరుగుతది. విషం లేదు. సోడా తాపి పండుకోబెట్టు," అని కారెక్కాడు.

సారు మాట అంటే హన్మయ్యకు వేదం. రాచమ్మను వరండాలో బల్ల మీద పడుకోబెట్టి సోడా తెచ్చాడు. గంటకు ఆమె కడుపులో మెలిపెడుతోంది అంది. ఇంకో గంటకు రెప్పలు వాలిపోయాయి. వేలితో రెప్ప ఎత్తి పట్టుకుని మొగుడి మొహంలోకి చూసింది.

"ఇది నిద్ర కాదు. ఆయన్ను ఇంకొక్కసారి సక్కగ సూడుమను," అంది. నాలుక అప్పటికే మొద్దుబారింది.

సారు మీటింగులో ఉన్నాడు. ఆటోలో దవాఖాన చేరేసరికి రాచమ్మకు ఊపిరి లేదు. దవాఖానవాళ్ళు అడిగితే, మీటింగు నుంచి వచ్చాక సారు పాము విషం లేనిదేనని కాలేజీ కాగితం మీద రాసి పంపాడు. ఆ కాగితం చూసి వాళ్ళు గుండె ఆగి చనిపోయిందని రాసుకున్నారు.

కర్మలన్నీ ముగించుకుని పనిలోకి వస్తే ఐసు పెట్టెలో పాము అలాగే ఉంది. పనికొస్తుంది, అస్థిపంజరం చెయ్యమన్నాడు సారు. చర్మం రాతిదెబ్బలకు పీలికలయింది, పారెయ్యమన్నాడు. హన్మయ్య పారేశాడు. పొలుసులు ఎంచలేదు కాబట్టి గోడ మీద రాసుకోవడానికి అంకె కూడా లేకపోయింది. ఎన్ని పూసల కోసం వెతకాలో తెలియక బురదను మూడుసార్లు జల్లెడ పట్టాడు. తన పెళ్ళాన్ని కరిచిన పాము ఒంట్లోని ఒక్కో బొక్కనూ పళ్ళ బ్రష్షుతో తోమి, తెల్లబరిచి, సన్నతీగకు గుచ్చాడు.

అక్కడితో ఆగినా ఏదో విధంగా కడుపులో దాచుకునేవాడేమో. ఆగలేదు. కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా సారు ఆ పెట్టె పక్కన నిలబడి కథ మొదలుపెట్టేవాడు. ఇదిగో, ఈ పాముకు విషం లేదు, అయినా ఒక ఆడమనిషిని చంపింది, ఎలాగో చెప్పండి. పిల్లలు తలా ఒకటి చెప్పేవాళ్ళు. కాదు, భయం చంపింది, పల్లెటూరి మూఢనమ్మకం చంపింది, ఆమె ఎవరో కాదు, మన హన్మయ్య భార్యే అనేవాడు. అందరూ వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ట్రేలు పట్టుకుని నిలబడ్డ హన్మయ్య తల వంచుకునేవాడు. వెనక వరసలో ఎవరో ఒకరు నవ్వు ఆపుకునేవాళ్ళు.

భయమట! రాచమ్మకు భయమట. కందిచేలో పందులు పడ్డాయంటే ఒక్కతే డబ్బా కొట్టుకుంటూ వాటి వెంటపడ్డ మనిషి. తేలు కనబడితే తోక పట్టుకుని పొయ్యిలో వేసి వంట చేసుకునేది. మొగుడు పాములు ముట్టిన చేతులతో అన్నం తింటాడని ఊరివాళ్ళు ఎగతాళి చేస్తే, వాటి పొట్ట ఎట్లుంటదో నాకు గూడ చూపియ్యమని అడిగి మరీ చూసింది. అటువంటి మనిషి భయపడి చచ్చిందని పద్నాలుగేళ్ళుగా, బ్యాచు తరువాత బ్యాచుకు, అతని ముందరే చెప్తున్నాడు.

నిజం తెలిసింది తొమ్మిదేళ్ళ కింద. సారు ఒక లావు పుస్తకం ఇచ్చి, కొన్ని పేజీలు జిరాక్సు తీయించుకు రమ్మన్నాడు. షాపులో కరెంటు పోయింది. ఊరికే కూర్చున్న హన్మయ్య పేజీ తిప్పాడు. పాముల పేర్లు, ఎదురుగా పొట్టపొలుసుల హద్దులు. ఇంగ్లీషు అంతగా రాకపోయినా అప్పటికే ఇరవై ఏళ్ళుగా చీటీలు అతికిస్తున్న మనిషి, పేర్లు పోల్చుకోగలడు. వుల్ఫ్ స్నేక్ ఎదురుగా పెద్ద అంకె రెండువందల పద్నాలుగు. కట్లపాము ఎదురుగా రెండువందల ముప్ఫై దాటి ఉంది. ఆ సాయంత్రం అద్దాల పెట్టె తెరిచి, సూదితో తాకుతూ పూసలు ఎంచాడు. రెండువందల ఇరవై ఆరు వచ్చాయి.

తప్పు ఎంచాననుకున్నాడు. వారం రోజులు ఎంచాడు. అవే వచ్చాయి. చర్మం పోతేనేం, పొట్ట మీద ఎన్ని పొలుసులుండేవో బొక్కలు చెప్తున్నాయి. బురదలో ఒకటి రెండు పోయి ఉండవచ్చు, రాతి కింద మెడపూసలు నలిగి ఉండవచ్చు. తగ్గడానికి వంద దారులున్నాయి. ఎక్కువ రావడానికి ఒక్క దారీ లేదు. అది కట్లపామే. చీమ కుట్టినంత చురుకుతో కరిచి, వాపు లేకుండా, కడుపునొప్పి రేపి, రెప్పలు వాల్చి చంపే పాము. రాచమ్మ చనిపోయింది విషంతోనే.

మర్నాడే సారు గదికి పోయాడు. సారు తలెత్తకుండా, ఫార్మలిన్ వచ్చిందా అని అడిగాడు. వచ్చింది సార్ అని చెప్పి తిరిగి వచ్చేశాడు. ఏటా ఎంచడం నేర్పే మనిషి దీన్ని ఎంచకుండా ఎలా ఉంటాడని ఆ రాత్రంతా తలపోశాడు. సారుకు ఇది ఎప్పుడో తెలుసనీ, తెలిసే చర్మం పారేయించాడనీ అతనికి రూఢి అయిపోయింది. గదిలో ఒంటరిగా చెప్తే చీటీ మార్చేసి, గప్‌చుప్‌గా ఉండమంటాడు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే కక్కాలి. ఎప్పుడు? శాలువా కప్పించుకుని, దండలు వేయించుకుని, మంచివాడనిపించుకుని పోయే రోజున. హన్మయ్యను పర్మనెంటు చేయించింది కూడా ఆ సారే. నడుము పట్టేస్తే హైదరాబాదు నుంచి మాత్రలు తెచ్చిచ్చేవాడు. ఆ మాత్రలు మింగినప్పుడల్లా హన్మయ్యకు ఇంకా మండుకొచ్చేది. తొమ్మిదేళ్ళు ఆ మంటను ఆరనివ్వకుండా కాచుకున్నాడు.

అద్దం తుడుస్తుండగా వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. జెస్సికా మేడం. బీదర్ పిల్లే, లెక్చరరుగా చేరి రెండేళ్ళయింది. కిందటి వారం హన్మయ్య ఆమెను బతిమాలి ఈ పూసలు ఎంచించాడు. సంగతంతా చెప్పాడు. తన లెక్క మీద తనకు అనుమానం లేదు గానీ, చదువుకున్న నోటితో ఒకసారి వినాలనిపించింది. ఆమె లెక్క కూడా రెండువందల ఇరవై ఆరే.

"హన్మయ్యన్నా, రాత్రి నాకు నిద్ర పట్టలే," అంది. "ఇయ్యాలనే చెప్పాల్నా? నేను ప్రిన్సిపాల్‌కు రాసిస్త. వచ్చే వారం చీటీ మారుస్తరు. సార్ మర్యాద సార్‌కు ఉంటది, నీ న్యాయం నీకైతది."

"నా పెండ్లాం భయంతోని సచ్చిందని చీటీల రాసిండా మేడం? నోటితోని చెప్పిండు. పద్నాలుగేండ్లు చెప్పిండు."

"ఆయనకు బీపీ ఉంది. అందరి ముందట..."

"అందరి ముందటనే," అన్నాడు హన్మయ్య, గుడ్డ పిండుతూ.

ఆమెకు భయం వేసింది, అతని గొంతు పెరగనందుకు మరీ వేసింది. గంట మోగితే క్లాసుకు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం హన్మయ్య జొన్నరొట్టె, పుంటికూర తిన్నాడు. చెయ్యి కడుక్కుని, సారు సూదిని తీసి స్పిరిటుతో తుడిచాడు. చెక్క పిడి ఉన్న పొడుగాటి సూది అది, సారు దాంతోనే ఎంచడం నేర్పుతాడు. పిడి మీద ఆయన వేళ్ళు ఆనే చోట చెక్క అరిగి గుంట పడింది. దాన్ని పెట్టె పక్కన సిద్ధంగా పెట్టి, అద్దం మూత తీసి గోడకు ఆనించాడు.

మూడు గంటలకు హాలులో సన్మానం ముగిసింది. శాలువాతో, మెడలో చామంతి దండతో జయానందం సారు మ్యూజియంలోకి వచ్చాడు. పొడుగాటి మనిషి, ఈ నడుమ కాస్త వంగాడు. వెనకాల ముప్ఫై నలభైమంది పిల్లలు, లెక్చరర్లు, వీరేశ్. చివరిసారి తన పాములను చూసుకోవాలని సారే అడిగాడట. పిల్లలు గది నిండి గుమ్మం దాకా నిలబడ్డారు. ముందు వరసలో శివాని అనే పిల్ల ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది.

సారు ఒక్కో పాము దగ్గరా ఆగి ఏదో ఒక ముచ్చట చెప్పాడు. చివరికి ఏడో పాము దగ్గరకు వచ్చాడు. ఇవాళ ఆ కథ చెప్పకుండా పోతే? పోతే తను ఏం చేస్తాడు? కానీ సారు చెప్పాడు. కన్నడలో, అవే మాటలు, అదే నవ్వు. విషం లేదు, అయినా ఒక మనిషి ప్రాణం తీసింది, భయం అంతటిది. "చదువుకోండి, భయం పోతది," అని ముగించి హన్మయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ చేతి కింద నిలబడే హన్మయ్య అన్నాడు. "సార్, ఒక్క మాట. దీని కథ ప్రతి సాలు చెప్పిండ్రు. దీని లెక్క ఒక్కసారి గూడ చెప్పలే. పోయేముందు జర మీ చేత్తోని ఎంచుండ్రి."

"ఇదెందుకయ్యా, జెర్రిపోతు ఉంది గద."

"ఇదే ఎంచుండ్రి సార్. పిలగాండ్లకు యాదుంటది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రాక్టికల్ పరీక్ష ముగిసిన రోజున సారు సూది పట్టుకుని ఎంచడం, తరగతి అంతా ఆయనతో పాటు కన్నడలో పైకి ఎంచడం ఆ శాఖలో ఏటా జరిగే ఆచారం. సారుకు ముచ్చటేసింది. దండ తీసి వీరేశ్‌కు ఇచ్చి, కళ్ళజోడు సవరించుకుని, సూది అందుకున్నాడు. అలవాటు కొద్దీ పిల్లలను అడిగాడు, వుల్ఫ్ స్నేక్‌కు పొట్టపొలుసులు ఎక్కువలో ఎక్కువ ఎన్ని అని.

"ఇన్నూర హద్నాల్కు," అన్నారు అందరూ. రెండువందల పద్నాలుగు. వాళ్ళకు ఆ అంకె బట్టీ పట్టించింది ఆయనే.

సారు వంగాడు. ఆ పామును చూడటానికి ఆయన వంగడం హన్మయ్య చూడటం అదే మొదటిసారి.

ఒందు, ఎరడు, మూరు. సూది ఒక్కో పూసనూ టక్కుమని తాకి ముందుకు పోతోంది. పిల్లలు పాటలాగా ఎంచుతున్నారు. వంద దగ్గర ఎవరో ఈల వేశారు, సారు నవ్వాడు. నూట యాభై దాటింది. హన్మయ్య సూదిని చూడటం లేదు, సారు మొహం చూస్తున్నాడు. నూట తొంభై. ఇప్పుడు భయపడతాడు, చెమటలు పడతాయి, ఏదో వంక పెట్టి ఆపేస్తాడు అనుకున్నాడు. సారు మొహంలో ఏ బెరుకూ లేదు, మనవడికి అంకెలు నేర్పే తాతలాగా హాయిగా ఉంది. ఇన్నూరు. ఇన్నూర హత్తు, రెండువందల పది. సారు గొంతు కొంచెం నెమ్మదించింది. సూది వేగం తగ్గింది. ఆయన కళ్ళు సూదిని వదిలి ముందుకు, తోక మొదలయ్యే చోటికి పరుగెత్తి మళ్ళీ వెనక్కి వచ్చాయి.

ఇన్నూర హద్నాల్కు అన్నాడు. సూది ఆగిపోయింది.

పక్కటెముకలున్న పూసలు ఇంకా ముందున్నాయి. పిల్లలు ఊపులో ఉన్నారు, ఆగలేదు. శివాని ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేతి వేలితో చూపిస్తూ ఎంచింది. ఇన్నూర హదినైదు, ఇన్నూర హదినారు. సారు గొంతు కలవకపోయినా పాట సాగింది. ఇన్నూర ఇప్పత్తారు, అంటే రెండువందల ఇరవై ఆరు దగ్గర పక్కటెముకలు అయిపోయాయి, పాట ఆగింది. కొందరు చప్పట్లు కొట్టబోయి చేతులు దించుకున్నారు.

"సార్, పన్నెండు ఎక్కువొచ్చినయి," అంది శివాని. ఆ పిల్ల ఇంకా అమాయకంగానే అడుగుతోంది. "వుల్ఫ్ స్నేక్‌కు అన్ని ఉండయి గద? అంటే ఇది కట్లపామా సార్?"

వెనక వరసలో ఎవడో, మరి ఆమె, అని మొదలుపెట్టి మింగేశాడు. పిల్లలందరూ ఎప్పటిలాగే తిరిగి హన్మయ్య వైపు చూశారు. ఈసారి ఎవరూ నవ్వాపుకోలేదు. హన్మయ్య తల వంచుకోలేదు.

సారు నడుము ఎత్తలేకపోయాడు. సూదిని అక్కడే వదిలి, చెక్క అంచు పట్టుకుని, "తల లేకపోయె గద, తల ఉండి ఉంటే..." అన్నాడు.

"తల నేనే పలగ్గొట్టిన సార్," అన్నాడు హన్మయ్య. "అది నా తప్పు. సచ్చేదాంక మోస్త. తక్కిన ఒళ్ళంత ఆనాడు సంచిల మీ ముందటనే ఉండె. ఇంకొక్కసారి సక్కగ సూడుమన్నది ఆమె. మీరు వంగలే."

సారు కళ్ళజోడు తీశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "నేను ఎంచలేదు హన్మయ్యా. దేవుని సాక్షిగ నాకు తెల్వదు. ఎన్నడు ఎంచనే లేదు."

హన్మయ్యకు ఆ మాట నిజమని వెంటనే అర్థమయింది. అబద్ధమాడే మొహం కాదది. తొమ్మిదేళ్ళుగా అతను ద్వేషించిన మనిషి వేరు. తప్పు తెలిసి, దాన్ని దాచడానికి చర్మం పారేయించి, రాత్రుళ్ళు నిద్రపట్టక దొర్లే మనిషి అతను. ఇక్కడున్న మనిషికి ఏ రాత్రీ నిద్ర చెడలేదు. ఏటా అందరికీ ఎంచడం నేర్పుతూ, చేతికందే దూరంలో ఉన్న పామును ఒక్కనాడూ ఎంచాలనుకోలేదు. రాచమ్మ విషయం ఆయనకు అంత చిన్నది. దాచిపెట్టేంత పెద్దది కూడా కాదు. ఆ సంగతి తెలిసేసరికి హన్మయ్యకు ఆనాటి కోపం మళ్ళీ వచ్చింది, ఎర్రరాయి ఎత్తినప్పటి కోపం. సారు వైపు ఒక అడుగు వేశాడు. జెస్సికా రెండడుగులు ముందుకు వేసింది.

హన్మయ్య చెయ్యి చెక్క మీదికి పోయింది. చీటీకి కొట్టిన నాలుగు గుండుసూదులను ఒక్కొక్కటే పీకాడు. ఆ పసుపుపచ్చబడ్డ చీటీని రెండు మడతలు పెట్టి, సారు చొక్కా జేబులో, పెన్ను పక్కన పెట్టి, పైనుంచి శాలువా సర్దాడు.

"ఇది మీరు రాసింది సార్. మీ తాన్నే ఉండనీయుండ్రి."

"హన్మయ్యా, నన్ను..."

"కారొచ్చింది సార్," అన్నాడు హన్మయ్య.

పిల్లలు పక్కలకు జరిగి దారి ఇచ్చారు. సారు గుమ్మం దాకా పోయి ఒకసారి జేబు తడుముకున్నాడు. వెనక్కి తిరగలేదు. వరండాలో, ఒకప్పుడు రాచమ్మను పడుకోబెట్టిన బల్ల పక్క నుంచే నడిచాడు, అది ఏ బల్లో ఆయనకు తెలియదు. వీరేశ్ దండ పట్టుకుని వెంట పరుగెత్తాడు. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి కారెక్కాడు. కారు గేటు దాటడం మ్యూజియం కిటికీలోంచి అందరూ చూశారు.

పిల్లలు ఒక్కొక్కరే చప్పుడు చేయకుండా వెళ్ళిపోయారు. శివాని ఫోను మూసి, హన్మయ్య దగ్గర ఆగి, "ఆమె పేరేంది కాకా?" అని అడిగింది. రాచమ్మ అని చెప్పాడు. ఎన్నో ఏళ్ళ తరువాత ఆ పేరు పైకి అన్నాడు.

"కొత్త చీటీ రేపు నేను రాస్త," అంది జెస్సికా. "ఏం రాయాల్నో చెప్పు."

"కట్లపాము అని రాయుండ్రి. విషం ఉన్నదని రాయుండ్రి. అంతే సాలు."

ఆమె కూడా వెళ్ళాక హన్మయ్య కిటికీలు మూశాడు. అతనికి సంతోషంగా ఉంది, దాన్ని ఎవరి దగ్గరా దాచాల్సిన పని లేదు. ఆకలి కూడా వేస్తోంది. అద్దం మూత ఎత్తి పెట్టబోతూ ఆగాడు. తీగ మొదట్లో తల ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది, కొస వంచి వదిలేశాడు తనే. ఆ కొసను బొటనవేలితో ఒకసారి తాకాడు. గుచ్చుకున్నదో లేదో వేలికి తెలియలేదు.

సారు సూది చెక్క మీదే ఉండిపోయింది. దాన్ని తీసి డ్రాయరులో పెట్టడం రోజూ అతని పని. ఇవాళ ముట్టలేదు. మూత పెట్టి, తాళం వేసి, ఆటో కోసం రోడ్డు మీదికి పోయాడు. అద్దం కింద, పిడి మీద వేళ్ళగుంట పడ్డ ఆ సూది మొన రెండువందల పద్నాలుగో పూస మీద ఆనుకుని ఉంది. దానికి అవతల పన్నెండు పూసలున్నాయి.